నలభై కంప్యూటర్లకు బొట్టు పెట్టిన రోజు

నవ్వుకోండి, నవ్వుకోవడానికే చెబుతున్నాను. కాకపోతే చివర్లో నవ్వు గొంతుకు అడ్డం పడుతుంది, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. నా తెలివితేటలతో ఒక మనిషి ఐదేళ్ల కష్టాన్ని ఒక్క పూటలో గంగలో కలిపిన వైనమిది.

అప్పట్లో నేను విజయనగరం దగ్గర ఓ ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడిని. వయసు ఇరవై ఎనిమిది, గర్వం ఎనభై రెండు. సివిల్ విభాగంలో సత్యవతి మేడమ్ ఉండేవారు, గజపతినగరం వైపు రైతుబిడ్డ. కొండల్లో ఎంత వాన పడితే ఏ ఊళ్లోకి ఎంత నీరొస్తుందో లెక్కగట్టడం ఆవిడ పీహెచ్‌డీ. దసరా మర్నాడే థీసిస్ ఇవ్వాలి. గడువు ఇక పెంచేది లేదని యూనివర్సిటీ చెప్పేసింది. ఆవిడ కంప్యూటరేమో ఆఖరి లెక్కకు నాలుగు నెలలు కావాలంటోంది.

"ఇంతోటిదానికి బెంగేటి మేడమ్!" అన్నాను. "మన ల్యాబ్‌లో నలబై కంప్యూటర్లు ఊరికే పడున్నాయి. ఒక్క మనిషి నాటితే నెల పట్టే మడి, నలబై మంది దిగితే ఒక్క పూట. లెక్కని ముక్కలు చేసి అన్నింటికీ పంచేస్తాను. మూడ్రోజుల్లో అయిపోద్ది."

"మధ్యలో కరెంటు పోతే?"

"యూపీఎస్ ఉన్నాది."

"అయినా తేలిన లెక్కని ఎక్కడికక్కడ దాచుకుంటే మంచిది గదా సార్?"

"దాస్తూ కూర్చుంటే వేగం తగ్గిపోద్ది మేడమ్. నన్ను నమ్మండి."

నమ్మారు, పాపం.

సెలవులివ్వగానే పని మొదలెట్టాను. నలభై కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ లెక్క చేస్తుంటే నా పెళ్లికి ఊరంతా కదిలొచ్చినంత సంబరం. తెరలన్నీ ఆర్పేసి, తలుపు దగ్గరికేసి ఇంటికి పోయాను. దసరా సెలవుల్లో ల్యాబ్ మొహం చూసేదెవరు?

మూడోరోజు మహర్నవమి. మధ్యాహ్నం మేడమ్, నేనూ వెళ్లి తలుపు తీశాం. గుప్పున అగరొత్తుల వాసన. నలభై కంప్యూటర్లకూ కుంకుమ బొట్లు, బంతిపూలు. ఎక్కడా చప్పుడు లేదు. మధ్యలో మా అటెండర్ అప్పన్న, ల్యాబ్ తాళంచెవులు దగ్గరుండే, రేపోమాపో రిటైరయ్యే మనిషి, పులిహోర గిన్నెతో నిలబడి ఉన్నాడు.

"రండి బాబూ, పెసాదం తీసుకోండి."

"అప్పన్నా! ఇవి ఎవరాపారు?"

"నేనే. ఆయుధపూజ గదేటి. పనిముట్టుకి ఇయ్యాల సెలవు. పొద్దున్నే మెయిన్ ఆపీసినాను. ఆ యూపీఎస్ కుయ్యోమని ఒకటే గోల. దాన్నీ ఆపీసి, పెద్ద బొట్టెట్టినాను."

"అవి పని చేస్తన్నాయయ్యా!"

"తెర నల్లగున్నాది, నిద్దరోతన్నాయనుకున్నాను బాబూ."

మీకు మాత్రమే చెబుతున్నాను: అప్పన్న ఈ పూజ ఏటా చేసేవాడు. ఏటా ఆ పులిహోర రెండోసారి అడిగి మరీ తినేది నేనే.

కలిసి ఉంటే కలదు సుఖమన్నారు పెద్దలు. నలభై కలిసి ఆగిపోతే ఏం కలదో చెప్పలేదు. మళ్లీ మొదలెడితే మూడు రోజులు కావాలి, చేతిలో ఉన్నది ఒకటిన్నర. తప్పు నాదని తెలిసిన కోపం కదా, గొంతు బాగా లేచింది.

"బుద్ధుందా నీకు? నన్నొక్క మాట అడగొద్దా?"

అప్పన్న గిన్నె బల్ల మీద పెట్టాడు.

"నలబై కంప్యూటర్లకీ కూకుని సెప్పుకున్నారు గదా బాబూ. నాకొక్కడికి సెప్పడానికి నోరు రానేదేటి?"

మేడమ్ ప్రసాదం కళ్లకద్దుకుని, చేతిలో పట్టుకునే ఇంటిదారి పట్టారు. తిట్టినా బాగుండేది. గడువు దాటింది, పీహెచ్‌డీ పోయింది, అది లేదని ఆ వేసవికి ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు నెల్లిమర్లలో ఒక స్కూల్లో పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. ఏటా మహర్నవమికి ఫోన్ చేస్తారు. "సార్, దాచుకున్నారా?" అని నవ్వుతారు. నాకు మాత్రం ఏడుపొస్తుంది.

కాబట్టి పెద్ద బొట్టు పెట్టించుకున్న ఆ యూపీఎస్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎన్ని కంప్యూటర్లను కలిపినా, గంటగంటకూ దాచుకుంటాను. మొదటి మాట మాత్రం ల్యాబ్ తాళంచెవులున్న మనిషికి చెబుతాను. ఆ మాట చెప్పేవరకూ పులిహోర ముట్టను.