అవమానం పెట్టుకునే చోటు

పదో తరగతిలో మా ఇంగ్లీషు సారు 'పుట్ అప్ విత్' అనే మాట చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. అర్థం, సహించడం. వాడుక తెలియడానికి బోర్డు మీద మూడు వాక్యాలు రాశారు. ఒకావిడ మొగుడి కోపాన్ని సహిస్తుంది, ఒకావిడ అత్త నోటిని, ఒక పనిమనిషి యజమానురాలి తిట్లను. మూడింటిలోనూ ఆడవాళ్లే. మాట ఎట్లా పుట్టిందో కూడా చెప్పారు. వెనకటి ఇంగ్లీషువాళ్లకు 'పుట్ అప్' అంటే వస్తువును లోపల పెట్టేయడమట, కత్తిని ఒరలో పెట్టినట్టు. అవమానాన్నీ అట్లాగే జేబులో వేసుకుని ఊరుకునేవారట. సహించడం అనే అర్థం అందులోంచే వచ్చిందట. నేను లేచి, జేబు లేనివాళ్లు ఎక్కడ వేసుకుంటారని అడిగాను. క్లాసంతా నవ్వింది. సారు అరచేతి మీద రెండు దెబ్బలు వేశారు.

నేను అడిగింది మా అవ్వ గురించి, అమ్మను మేం అట్లాగే పిలుస్తాం. బాపు బోధన్ దిక్కు చెరుకు కొట్టడానికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. నిజామాబాద్‌లో మా వాడకట్టు ఆడవాళ్లందరిలాగే అవ్వ బీడీలు చుట్టేది. మా తిండీ నా చదువూ ఆమె వేళ్ల మీదే నడిచేవి. రోజూ సాయంత్రం చుట్టినవి కార్ఖానాలో అప్పజెప్పి, మరునాటికి ఆకూ తంబాకూ తెచ్చుకోవాలి. అక్కడ బీడీలు చూసి తీసుకునే మనిషి ఒకడు, నచ్చనిదాన్ని రెండుగా విరిచి తంబాకు తన గంపలో రాల్చుకునేవాడు. అది ఎటు పోతుందో అందరికీ తెలుసు. అడిగిన ఆడదానికి మాత్రం మరునాడు ఆకు దొరకదు.

ఆ సాయంత్రం నేనూ వెంట ఉండగా వాడు అవ్వ చాటలో సగం బీడీలు విరిచాడు. విరుస్తూ, "నీ మొగడు ఊకనే ఇడిసిపెట్టి పోలే, నీ పనితనం సూసే పోయిండు" అన్నాడు. వాడి మెప్పు కోసం వరుసలో ఆడవాళ్లు నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దారిలో, సిగ్గు లేదా అని అవ్వను అడిగాను. సారు చెప్పిందంతా చెప్పి, ఇంగ్లీషువాళ్లకు జేబన్నా ఉంది, నీకదీ లేదన్నాను. నా నోరు పడిపోను, కన్నతల్లిని అంత మాటన్నాను.

"కడుపుల వెట్టుకున్న, బిడ్డా," అంది అవ్వ. "నిన్ను మోసిన కాడనే."

మరునాడు వాడు మళ్లీ విరవబోతే చాట లాక్కున్నాను. నిన్న విరిచిన తంబాకు మాది, ఇచ్చెయ్యమన్నాను. వాడు కోప్పడలేదు. వీళ్లకు ఆకు బంద్ అని పక్కవాడితో చెప్పి, వెనక ఉన్నామెను పిలిచాడు. ఎనిమిది రోజులు తిరిగాం. కబురు మాకంటే ముందే పోయింది, ఏ కార్ఖానాలోనూ ఆకివ్వలేదు. ఇంట్లో గింజ లేదు.

తొమ్మిదో రోజు అవ్వ నన్ను తీసుకుపోయి వాడి కాళ్ల మీద పడింది. నన్నూ పడమంది. పడ్డాను. వాడు నా చేతివేళ్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏళ్లు సన్నగున్నయి. గీ పోరిని గుడ బీడీలకు కూసోవెట్టు, రేపటి సంది ఆకిస్త. బడికి వోతె నోరు లేస్తది."

అవ్వ ఏం కడుపులో పెట్టుకున్నా ఈ ఒక్కటి మాత్రం పెట్టుకోదనుకున్నాను. సరేనని తల ఊపింది. తెల్లారి, బడికి పోయే వేళకు, ఆకు కత్తిరించే రేకు నా చేతిలో పెట్టి తను వాకిలి ఊడవడానికి పోయింది. కన్నుమూసేదాకా ఆమె నా చేతి అన్నమే తిన్నది. క్షమించమని ఆమె అడగలేదు, నేను క్షమించలేదు.