కోర్టులో పలకాల్సిన పేరు

మా వారు టెక్కలిలో సెకండు గ్రేడు ప్లీడరు. కాలేజీ గడప తొక్కలేదు. తెల్లవారకుండానే వీధి అరుగు మీద పచార్లు చేస్తూ చట్టాలు వల్లెవేసి, ఎలాగో ప్లీడరు పరీక్ష గట్టెక్కారు. ఆ ఇంగ్లీషు నాకు ముక్క అర్థమయ్యేది కాదు గాని, ఎక్కడ తడబడుతున్నారో వంటింట్లోంచే తెలిసిపోయేది. ఆయన పట్టా మునసబు కోర్టు వరకే. బరంపురం జిల్లా కోర్టులో వాదించాలంటే ఫస్టు గ్రేడయినా ఉండాలి, బి.ఎల్. చదివిన వకీలయినా అయి ఉండాలి. ఇక మద్రాసు హైకోర్టులో సముద్రం దాటి చదివొచ్చిన బారిస్టర్లుండేవారు. పైవాళ్ళు కిందికి దిగొచ్చు, మా వారు మాత్రం పైకి వెళ్ళకూడదు. ఆ మాటే అని ఏడిపిస్తే, "ప్రతి కేసూ ఇక్కడ పుట్టాల్సిందే. పురుడు పోసేది మేమే" అనేవారు.

ఒకసారి కవిటి వైపు నుంచి ఒకామె వచ్చింది. మొగుడు పోయి ఏడాది తిరగలేదు, పిల్లల్లేరు. మరిది ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. ఆమె తన అన్న కట్టుకున్న భార్యే కాదనీ, ఇంటి పనికి కుదిరిన మనిషనీ అతని వాదన. ఆ ఇంట్లో ఉండే హక్కూ, కొబ్బరితోట మీద మనోవర్తీ దక్కాలంటే భార్యనని రుజువు చేసుకోవాలి. మరిది బరంపురం నుంచి బి.ఎల్. వకీలుని దించాడు.

ఆమె బోనెక్కగానే గుమాస్తా అడిగిన మొదటి ప్రశ్న, "నీ భర్త పేరేమిటి?" ఆమె తల వంచుకుని నిలబడిపోయింది. మా వైపు ఆడవాళ్ళం పెనిమిటి పేరు పలకం. మామూలుగా పక్కనున్నవాళ్ళెవరో ఆ పేరు చెబితే, మేము తలూపుతాం. మా వారు అలాగే పేరు అందించబోయారు. వకీలు లేచి, సాక్షి నోట్లో మాట పెట్టకూడదన్నాడు. చట్టం అలాగే ఉందిట. "భార్య అయితే కదా పేరు తెలిసేది" అని నవ్వాడట కూడా. మునసబుగారు వాయిదా వేశారు.

ఆ పూట మా వారికి అన్నం సహించలేదు. "వచ్చే వాయిదాకి ఆమె నోరు విప్పకపోతే కేసు పోయినట్టే. అది నావల్ల అయ్యే పని కాదు, నువ్వే చూడు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంతమంది చదువుకున్న మగాళ్ళు కలిసి, ఆమె కాపురమంతా ఒక్క పేరు మీదికి తెచ్చి పెట్టారు.

వాయిదా ముందు రోజు ఆమెను మా వంటింట్లో కూర్చోబెట్టుకున్నాను. చెప్పమని ఎంత బతిమాలినా పెదవి కదపలేదు. "పెనిమిటి పేరెత్తితే ఆయుస్సు తగ్గిపోద్దంతారు కదమ్మగోరూ" అంది. పోయినవాడికి ఇంకా ఆయుష్షేమిటే అని నోటిదాకా వచ్చింది గాని, మింగేశాను. తన కంటికి ఆయన ఇంకా పోలేదు. అంతలో ఆమే అడిగింది, "మరి తవరు సెప్పగల్రేటి?"

తలుపు దగ్గరగా వేసి, మా వారి పేరు పైకి అన్నాను. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి. వీధి గదిలోంచి "ఆఁ, ఎవరది?" అని ఆయన పలికారు.

ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. నవ్వు ఆగాక ఆమె ఏడ్చింది. ఏడ్చి, తన మొగుడి పేరు నాకు వినపడీ వినపడనట్టు చెప్పింది. ఆ తర్వాత గట్టిగా చెప్పింది.

మర్నాడు కోర్టులో ఏం జరిగిందో సాయంత్రం ఆయనే చెప్పారు. ఆమె బెదరకుండా పేరు చెప్పింది. వకీలు వెంటనే మాట తిప్పేశాడు. "ఈ ప్రాంతంలో పెళ్ళయిన ఆడది మొగుడి పేరు చెప్పదు. నువ్వు జంకు లేకుండా చెప్పావు. అంటే పెళ్ళి కానట్టేగా?" సాక్షిని ప్రశ్నిస్తుంటే మధ్యలో మా వారు జవాబు అందించడానికి లేదు.

ఆమె, "మా పిలీడరు బాబుగోరి ఇల్లాలు కూడా నిన్న ఆరి పేరు సెప్పినారు బాబూ. ఆయమ్మకీ పెళ్ళవనట్టేనేటి?" అందిట.

కోర్టు కోర్టంతా మా వారి వైపు తిరిగింది. మునసబుగారు కలం కింద పెట్టి, "నిజమేనా?" అని అడిగారట. "నిజమేనండి. నేను పలికాను కూడా" అన్నారట ఈయన.

తీర్పు ఆమెకే వచ్చింది. మరిది పైకోర్టుకి వెళ్ళలేదు. ఆమె తన ఇంటికి తను వెళ్ళింది, ఏటా కొబ్బరికాయలు పంపేది.

అది మొదలు, తోచినప్పుడల్లా మా వారు "ఇంకొక్కసారి పిలు" అని నన్ను ఆటపట్టించేవారు. "పోండి, మరీ చోద్యం" అనేదాన్ని. ఆయన ఉన్నన్నాళ్ళూ మళ్ళీ పలకలేదు.

మొన్న వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ పేరు పైకి అన్నాను. వీధి గదిలోంచి ఎవరూ పలకలేదు.