కాలువగట్టు నుంచి నాలుగుసార్లు వెనుదిరిగిన యువకుడు

1974. విజయవాడలోని ఒక మిషన్ ఆసుపత్రిలో అసిస్టెంట్ సర్జన్‌గా నాకది రెండో ఏడు. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ని నేనే. అందుచేత పుస్తకంలో ఉన్నదాన్ని దాటి ఒక్క మాట అనడానికైనా జంకేవాణ్ని.

చల్లపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి ఇరవై రెండేళ్ల కొడుకును తీసుకువచ్చింది. అతన్ని దానియేలు అందాం. వ్యవసాయ కూలీ. మండు వేసవిలోనూ మెడదాకా గుండీలు పెట్టిన దళసరి చొక్కా, రొమ్ముకు అడ్డంగా కట్టుకున్న చేతులు. తెర చాటున పరీక్షించాను. రెండు రొమ్ములూ ఆడపిల్లకు ఎదిగినట్లు ఎదిగాయి. మగవారిలో రొమ్ము గ్రంథి ఇలా పెరగడాన్ని గైనకోమాస్టియా అంటారు. దీనికి కారణమయ్యే దోషమేదీ కాలేయంలో, వృషణాలలో కనిపించలేదు.

"ప్రమాదమేమీ లేదు బాబూ, ఆపరేషన్ అవసరం లేదు" అన్నాను. చీటీ మీదా అదే రాసిచ్చాను.

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కోతల్లో కూడా చొక్కా విప్పనని మా ఊళ్లో నన్ను చొక్కా దొర అంటారండి. దొరతనం మాత్రం రాలేదు" అని నవ్వాడు.

తల్లి నవ్వలేదు. "ఆ మాటలకేం లెండి అయ్యగారూ. బాప్తిస్మానికని నాలుగుసార్లు కాలువగట్టు దాకా వచ్చి తిరిగిపోయాడు. వీడికి విశ్వాసం లేదని సంఘంలో అందరూ అంటన్నారు. నేనూ అట్టాగే తిట్టిపోశానండి."

"విశ్వాసం ఉందమ్మా" అన్నాడు దానియేలు, తల వంచుకుని. "నీళ్లలో ముంచి లేపితే బట్ట ఒంటికి అతుక్కుపోద్ది. గట్టు మీద ఊరంతా ఉంటారు."

ఆమెకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. నాకూ అంతే. చేయి చాచి, ఆ చీటీ తిరిగి ఇమ్మన్నాను.

మా పెద్ద సర్జన్‌గారిని ఒప్పించి, మరుసటి వారం ఆపరేషన్ చేశాము. చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచున అర్ధచంద్రాకారంగా కోసి గ్రంథిని తీసివేశాము. మచ్చ ఆ నలుపులో కలిసిపోతుంది. రక్తం నిలవకుండా డ్రెయిన్, అంటే సన్నని రబ్బరు గొట్టం, రెండు రోజులు ఉంచాము. కట్లు విప్పిన ఉదయం అతను కళ్లు మూసుకుని, "ముందు నువ్వు చూడమ్మా" అన్నాడు.

ఆమె చూసింది. "నేనన్న మాటలు మనసులో పెట్టుకోకురా" అంది.

రెండు నెలల తరువాత, దానియేలు బాప్తిస్మానికి రమ్మని నాకు కబురు వచ్చింది. బస్సెక్కి వెళ్లాను. పాస్టరుగారు అతన్ని నీళ్లలో ముంచి లేపారు. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుంది. అలవాటుగా అతని చేతులు రొమ్ము మీదికి లేచాయి. సగంలో ఆగి, మెల్లగా పక్కలకు దిగాయి. అలాగే గట్టెక్కి వచ్చాడు.

నాటి నుంచి "చికిత్స అవసరం లేదు" అని రాసే ముందు ప్రతి రోగినీ ఒక ప్రశ్న అడుగుతున్నాను: "దీనివల్ల మీరు ఏ పనికి దూరమయ్యారు?"