గోడకు జరిపిన పెట్టె

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మాల్ టెర్రస్ మీద ఏసీ చిల్లర్లు చూసుకోవడం నా ఉద్యోగం. కింద దుకాణాల్లోని వేడిని పైపుల్లో తిరిగే నీళ్లు పైకి తెస్తాయి. చిల్లర్‌లోని గ్యాసు ఆ వేడిని లాక్కుని నీళ్లను చల్లగా కిందికి పంపుతుంది. గ్యాసు తీసుకున్న వేడిని పెద్ద ఫ్యాన్లు బయటి గాలిలోకి నెట్టేస్తాయి. వేడి వదిలించుకోవడానికి వీటికి నీళ్లు అక్కర్లేదు. అందుకే నీటి కటకట ఉన్న చోట మాల్స్‌కూ దవాఖానలకూ వీటినే పెడతారు. చుట్టూ గాలి ఆడేంత ఖాళీ ఉంటే చాలు. వాటికి అట్టపెట్టెలు ఆనించిన వాళ్లను నేను ఊరికే వదలను.

మొన్న ఎండాకాలంలో అమ్మ పోయింది. సూరత్ నుంచి అక్క వచ్చి చూశాకే సమాధి చేద్దామనుకున్నాం. ఎల్బీనగర్‌లో మా కిరాయి ఇంటి ముందుగదిలో, అమ్మను ఫ్రీజర్ బాక్సులో పడుకోబెట్టాం. అది పనిచేసేదీ అలాగే. లోపలి వేడిని పక్కనున్న జాలీలోంచి బయటికి ఊదుతుంది. ఆ గాలి కూర్చున్న వాళ్ల మొహాలకు కొడుతోంది.

"ఏంది అల్లుడా, మాల్ల అందరికి సల్లగాలి ఇస్తవ్, ఇంట్ల మమ్ముల ఉడకబెడ్తున్నవ్. గా డబ్బాను జర గోడకు జరుపు" అన్నాడు మేనమామ.

పాట పాడుతున్న చర్చి ఆడవాళ్లు ఆగి నా వైపు చూశారు. గాలి ఆడాలి మామా అంటే సరిపోయేది. అమ్మ తల దగ్గర నిలబడి మెషిన్ సంగతి మాట్లాడటానికి నోరు రాలేదు. జాలీ గోడకు ఆనేలా నేనే జరిపాను.

సాయంత్రానికి బాక్సు అద్దం లోపల చెమ్మ పట్టింది. కంప్రెసర్ చప్పుడు లేదు. చెయ్యి పెడితే గోడ కాలుతోంది. అందరినీ లేపి బాక్సును గది మధ్యకు లాగాను.

"ఏమైందిరా?" అన్నాడు మామ.

"కరెంటు, మామా" అన్నాను.

కంప్రెసర్ మళ్లీ అందుకుందో లేదో అక్క ఆటో దిగింది. మూత ఎత్తాం. అక్క అమ్మ చెంప మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

"సల్లవడలే తమ్మీ" అంది నాతో. "నా కోసమే ఆగింది అమ్మ."

ఆడవాళ్లు స్తోత్రం అన్నారు. మామ కళ్లు తుడుచుకున్నాడు. నేను మూత పట్టుకుని నిలబడ్డాను.

అక్క ఇప్పటికీ ఫోన్‌లో ఆ మాట ఎత్తుతుంది. నేను ఊఁ అంటాను.