కొంగ ప్రొఫెసరు పందెం

ఎదుటి మనిషిని ఒంటికాలి మీద నిలబెట్టందే ఆయనకు మాట పెగలదు. కుళాయి బాగుచేసేవాడైనా, వియ్యంకుడైనా ముందు ఒక కాలు ఎత్తాల్సిందే. మంచినీళ్ళు ఆ తర్వాతే. ఏ వయసువాళ్ళు ఎంత తూలుతారు, కండలో ఎంత సత్తువుంది, ఎవరి ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ అన్నది ఆయన పరిశోధన. విద్యార్థులు పెట్టిన పేరు కొంగ ప్రొఫెసరు. దాన్నాయన బిరుదులా మోసేవాడు.

తల కొట్టేసినట్టయ్యేది భార్యకే. ఆవిడ పనిచేసే బ్యాంకు మేనేజరు భోజనానికొస్తే గుమ్మంలోనే కాలెత్తించాడు.

"ఏమండీ, ఆయన మా పై అధికారి!"

"అయితే ఏం? పై అధికారి పడ్డా కిందే కదా పడేది!"

ఇంకో విడ్డూరం, తనూ పక్కన నిలబడి పందెం కాసి, ప్రతిసారీ తనే ముందు తూలేవాడు. రెండు చేతులూ గాలిలో ఆడించి ధబీమని సోఫాలో పడేవాడు. మేనేజరు పడీపడీ నవ్వాడు. భార్య మాత్రం లోపలికి పోయి గిన్నెల మీద కోపం చూపించింది.

అలా ఉండగా, వాళ్ళ దగ్గరే ఉండే ఆవిడ తల్లి స్నానాలగదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు కట్టు విప్పాడు గానీ భయాన్ని విప్పలేకపోయాడు. రోజూ పై అంతస్తు స్నేహితురాలితో పేకాడే మనిషి కుర్చీకి అతుక్కుపోయింది.

"ఇలాగే కూర్చుంటే కాళ్ళలో సత్తువ పోతుంది. ఈసారి పడితే విరిగేది తుంటి ఎముకే" అన్నాడు డాక్టరు. కూతురికి ముద్ద దిగలేదు.

అల్లుడు మాత్రం అత్తగారి ముందు కుర్చీ తిప్పి వేశాడు. "కుర్చీ వీపు పట్టుకుని లేవండి అత్తయ్యగారూ. నాతో పందెం!"

"ఈ వయసులో కుప్పిగంతులేమిటి బాబూ? నలుగురూ నవ్వరూ?"

"నవ్వేది నన్ను చూసి లెండి."

ఆవిడ పాదం అలా నేల వదిలిందో లేదో, ఆయన సోఫాలో పడ్డాడు. ఆవిడ పకపకా నవ్వింది. మర్నాడు తనే పిలిచింది, "ఏం బాబూ, ఇవాళ కూడా ఓడతారా?" రోజూ అదే వరస. కుర్చీ పట్టిన చెయ్యి పోయి ఒక్క వేలే మిగిలింది, ఆ వేలూ వదిలింది.

ఒక ఉదయం భార్య పడగ్గదిలోకి వెళ్ళి కొయ్యబారిపోయింది. ఆయన ఒంటికాలి మీద నిలబడి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, రెండో కాలికి మేజోడు తొడుక్కుంటున్నాడు. కళ్ళు మూసుకుని! గోడైనా కదులుతుందేమో గానీ ఆయన కదల్లేదు.

"ఏమండీ! మరి మా అమ్మ దగ్గర ఆ తూలడం?"

"ష్! తామే ఓడిపోతే ఎవరు మళ్ళీ కాలెత్తుతారే? మీ అమ్మతో అనకు."

ఆ సాయంత్రం తల్లి పేకముక్కలు పట్టుకుని, పక్కనున్న కమ్మీ ఆసరాగా మెట్లెక్కింది. వెనక కూతురు. "పాపం, మీ అల్లుడు రోజూ ఓడిపోతున్నాడమ్మా."

"పిచ్చిమొద్దూ! పూలకుండీ తప్పించుకుని, మెత్తటి దిండు చూసుకుని పడేదాన్ని ఓడడమంటారా? అంత ముచ్చట పడుతున్నాడు, పోనీలే అని ఊరుకున్నా. ఆయనతో అనకు."

పైన స్నేహితురాలి తలుపు తెరుచుకుంది.

"ముక్కలు తర్వాత. ముందు ఆ గోడ పట్టుకుని ఒక కాలెత్తు చూద్దాం" అంటోంది తల్లి.

కాసేపటికి మళ్ళీ ఆవిడ గొంతే, "అయ్యయ్యో, నేనే ముందు దించేశానే!"