మరచెంబు మూతలో టీ

నా చిన్నప్పుడు బందరు నుంచి భీమవరం వెళ్ళే ప్యాసింజరు బండి గుడివాడలో చాలాసేపు ఆగేది. ముందున్న ఇంజను విప్పి, పక్క పట్టాల మీదుగా తీసుకొచ్చి, వెనక తగిలించేవారు. అంతవరకూ చివర ఉన్న పెట్టె అక్కడినుంచి మొదటి పెట్టె అయ్యేది. ఈ పని పూర్తయ్యేలోపు బండిలో జనమంతా ప్లాట్‌ఫారం మీద ఉండేవారు. అరిటాకు ముక్కలో ఇడ్లీలు, వాటి మీద అల్లం పచ్చడి, పొయ్యి మీదనుంచి అప్పుడే తీసిన గారెలు, గాజు గ్లాసులో టీ. నీళ్ళు కొనుక్కునే రోజులు కావవి. కుళాయి కింద చెంబు పట్టుకునేవాళ్ళం.

ఇప్పుడు అదే స్టేషన్లో నేను ఫిర్యాదు చెయ్యని వస్తువు లేదు. కాగితం కప్పు బొటనవేలంత అయిపోయిందని ఒకసారి రాశాను. మిషన్లోంచి కారే టీకి తీపి తప్ప రుచి లేదని ఇంకోసారి రాశాను. ఫోన్లో చెబితే సీటు దగ్గరకు తెచ్చిచ్చే బిర్యానీలో ముక్క కోసం భీమవరం దాకా వెతికానని కూడా రాశాను. మా పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. నాకు జరిగిన అవమానం ఏదీ నేను మర్చిపోను. నా చేతిరాత కోడి కెలికినట్టుందన్న టీచరు గారు ఆ రోజు ఏ రంగు చీర కట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. అలాంటి నేను మొట్టమొదట రాసిన ఫిర్యాదు మాత్రం శుద్ధ తప్పు. అది కూడా గుడివాడ స్టేషన్లోనే రాశాను. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు.

మాది ఘంటసాల దగ్గర ఒక పల్లె. మేం పేటలోవాళ్ళం. ఆదివారం చర్చికీ, మిగతా ఆరు రోజులూ ఊళ్ళోవాళ్ళ పొలాలకీ వెళ్ళే కుటుంబాలు మావి. నాన్న నాలుగక్షరాలు నేర్చుకుని భీమవరంలో కాంపౌండరుగా కుదిరాడు. అమ్మ కూడా అక్కడే ఉండేది. నేను మా మామ్మ దగ్గర పెరిగాను. బడికి సెలవులివ్వగానే మామ్మ నన్ను తీసుకుని బయల్దేరేది. ప్రయాణమంటే ఆమె చేతిలో ఇత్తడి మరచెంబు ఉండాల్సిందే. మర తిప్పి బిగించే మూత ఉంటుంది దానికి. ఆ మూత తిరగేస్తే చిన్న గిన్నెలా ఉంటుంది. మామ్మ దారిలో ఏం తాగినా ఆ మూతలోనే తాగేది. అది ఆమె శుభ్రం అనుకునేదాన్ని.

ఆ ఏడు సెలవులకు వారం ముందు మా ఊరి కాఫీ హోటల్ దగ్గర ఒక సంగతి జరిగింది. లోపల బల్లల మీద కూర్చునేవాళ్ళకి లోపలి గ్లాసులు. పేటవాళ్ళకి బయట చూరులో దోపి ఉంచిన గ్లాసులు. తాగినవాళ్ళే కడిగి, మళ్ళీ అక్కడే దోపాలి. నాకది తెలియదు. ఎవరికోసమో ఇడ్లీలు తేవడానికి వెళ్ళి, గుమ్మంలో ఉన్న బల్ల మీద మెరుస్తున్న గ్లాసుని చేత్తో పట్టుకుని చూశాను. హోటలాయన కేకలేశాడు. నేను ముట్టుకున్న గ్లాసు మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించాడు. కూర్చున్నవాళ్ళలో ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరి ముఖాలూ నాకు గుర్తే. ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను. నా తల నిమిరి ఊరుకుంది. ఊరుకోవడం నాకు నచ్చలేదు.

ఆ కోపం కడుపులో పెట్టుకునే రైలెక్కాను.

గుడివాడలో దిగగానే మామ్మ టీ కొట్టుకి నడిచింది. ఆ కొట్టు బందరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక సాయిబు గారిది. పిల్లలం టీ మావయ్య అనేవాళ్ళం. నురగ కోసం చెయ్యి తలపైకెత్తి, అంత ఎత్తునుంచి టీ పోసేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ గాజు గ్లాసులున్నాయి. మామ్మ చెయ్యి చాపింది. ఆ చేతిలో మూత ఉంది. అందులోకి పైనుంచి టీ పడింది. అంతకుముందు ఎన్నోసార్లు చూసిందే. కానీ ఆ రోజు నాకు మా ఊరి చూరు కనిపించింది.

మామ్మ తాగేసి, మూత కడుక్కోవడానికి కుళాయి వైపు వెళ్ళింది. నేను స్టేషన్ మాస్టరు గది వైపు వెళ్ళాను. గోడల మీద ఏ బోర్డు కనిపించినా కూడబలుక్కుని చదివే అలవాటు నాది. ఫిర్యాదుల పుస్తకం స్టేషన్ మాస్టరు వద్ద కలదని ఆ తలుపు పక్కన రాసి ఉండేది.

ఆయన నన్ను చూసి, తప్పిపోయానేమో అనుకున్నారు. పుస్తకం కావాలన్నాను. పెద్దవాళ్ళని పిలుచుకురమ్మన్నారు. ఇచ్చేదాకా కదలనని నేల మీద చతికిలబడ్డాను. నవ్వుకుంటూ పుస్తకం తీసి, రాస్తే చెరగని రకం పెన్సిలు చేతికిచ్చారు. టీ కొట్టాయన అందరికీ గ్లాసు ఇస్తాడనీ, మా మామ్మకి మాత్రం ఇవ్వడనీ రెండు వరుసల్లో రాసి కింద నా పేరు పెట్టాను. చదివాక ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ అంకె అచ్చు వేసి ఉంటుందట. చింపడానికి లేదు, చెరపడానికి లేదు. పై అధికారులు చూస్తారు. ఇది నిజమైతే ఆ మనిషి కొట్టు ఇక ఇక్కడ ఉండదని చెప్పారు. నాకు చాలా సంతోషం వేసింది.

కబురందుకుని టీ మావయ్య భుజం మీద గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రాసింది స్టేషన్ మాస్టరు గారు చదివి వినిపించారు. టీ మావయ్య చిన్నగా అన్నాడు.

"నాలుగేళ్ళుగా ఇస్తూనే ఉన్నానండీ. ఆ అమ్మగారే పుచ్చుకోరు."

అబద్ధమన్నాను. అంత పెద్దాయన్ని ముఖం మీదే అలా అన్నాను. అప్పటికి మామ్మ నన్ను వెతుక్కుంటూ గుమ్మంలోకి వచ్చింది. జరిగింది విని, తల మీద కొంగు సర్దుకుంది. తర్వాత స్టేషన్ మాస్టరు గారికి నెమ్మదిగా చెప్పింది. ఆమె కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఒక తిరునాళ్ళలో, తాగిన గ్లాసు కడిగి బోర్లించమని నలుగురిలో గద్దించారట. తాగనిచ్చి మరీ గద్దించారట. ఇంక ఈ జన్మలో ఎవరి గ్లాసూ ముట్టనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఈయన మొదటిరోజే గ్లాసు చాపాడనీ, తనే మూత చాపాననీ, ఈయన తప్పేమీ లేదనీ చెప్పింది.

స్టేషన్ మాస్టరు గారు తాను నమ్ముతున్నానన్నారు. అయితే ఫిర్యాదు రాసినవాళ్ళే దాని కిందే సరిదిద్ది రాస్తే తప్ప లాభం లేదట. పెన్సిలు మళ్ళీ నాకిచ్చారు. నేను రాయనన్నాను. మూత కళ్ళారా చూశాను, గ్లాసు చూడలేదు. చూడనిది ఎలా రాస్తాను? బతిమాలారు, బెదిరించారు. నేను పళ్ళు బిగించాను. బయట ఇంజను తగిలించిన కుదుపుకి పెట్టెలన్నీ వరసగా చప్పుడు చేశాయి. ఇంక ఎంతోసేపు లేదు.

మామ్మ నా ముఖం చూసింది. టీ మావయ్య చేతులు చూసింది. భుజం మీది గుడ్డని ఆయన మెలిపెడుతూనే ఉన్నాడు. మామ్మ మరచెంబు నా ఒళ్ళో పెట్టి ఆయనతో అంది:

"ఒక టీ పొయ్యి నాయనా. గ్లాసులోనే."

అందరం కొట్టు దగ్గరకి నడిచాం. ఆయన గ్లాసు నీళ్ళతో తొలిచి, చెయ్యి పైకెత్తి టీ పోశాడు. పక్కవాళ్ళకీ అంత ఎత్తునుంచే పోస్తున్నాడని అప్పుడు గమనించాను. మామ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. అంచు పెదవికి ఆనించేముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత గుక్కగుక్కగా, తొందర లేకుండా తాగింది. చుట్టూ ఎవరూ ఆమె వైపు చూడనేలేదు. ఎవరి గారెల గొడవలో వాళ్ళున్నారు. తాగడం అయ్యాక ఆమె కాళ్ళు వాటంతట అవే కుళాయి వైపు తిరిగాయి. టీ మావయ్య చప్పున చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు.

"కడగడం నా పనమ్మా. మీది కాదు."

మామ్మ కళ్ళు నిండాయి. నేను పరుగెత్తుకెళ్ళి నా రెండు వరుసల కింద, మామ్మ గ్లాసులో టీ తాగిందనీ, గ్లాసు ఆయనే కడిగాడనీ, నేను రాసింది తప్పనీ రాశాను. ఈల వినిపిస్తుండగా స్టేషన్ మాస్టరు గారే నన్ను ఎత్తి పెట్టెలో పడేశారు. వెనక్కి తిరిగి చూస్తే టీ మావయ్య నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు.  ఒక మనిషి పొయ్యి ఆర్పేయబోయాను. ఆర్పలేదు. ఆ తేలికదనం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

దారిలో మామ్మ నన్ను తిట్టలేదు. తప్పు చేస్తే వీపు విమానం మోత మోగించే మనిషి, కిటికీలోంచి కాసేపు చేలు చూసి ఒక్క మాట అంది.

"కోపం మంచిదేనే. అడిగి తెలుసుకుని, ఆ తర్వాత ఎంతైనా కోప్పడు."

మర్నాటినుంచి లోకం మారిపోలేదు. మా ఊరి హోటల్ చూరులో గ్లాసులు ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాయి. నేను మర్చిపోలేదు కూడా. మామ్మ ఊళ్ళో ఎప్పుడూ మూతే వాడింది. గుడివాడలో మాత్రం బతికున్నన్నాళ్ళూ గ్లాసులో తాగింది. మరచెంబు ఇప్పుడు నా దగ్గరుంది.

మొన్న బందరు నుంచి బండిలో వెళ్తూ గుడివాడలో ఫోన్లో ఇడ్లీ తెప్పించుకున్నాను. పొట్లంలో పచ్చడి లేదు. వేలు ఫోన్లో ఫిర్యాదు బటను మీదకి వెళ్ళింది. ఆగి, తెచ్చినాయన్ని అడిగాను. హోటల్‌వాళ్ళు ఎలా కట్టి ఇచ్చారో అలాగే తెచ్చానన్నాడు. ఆయన పేరు ఎక్కడా రాకుండా హోటల్ మీద మాత్రం ఒక పేజీ రాశాను. మనసు చల్లబడింది.

తర్వాత ప్లాట్‌ఫారం మీద టీ కొనుక్కున్నాను. అదే బొటనవేలంత కాగితం కప్పు. రుచీ పచీ లేదు. నా పక్కన తాగుతున్న నలుగురు ఎవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకి తెలియదు. ఎవరూ అడగలేదు. అందరం తాగి, కప్పులు నలిపి, ఒకే డబ్బాలో పడేశాం. కప్పు చిన్నదైపోయిందన్న నా ఫిర్యాదు అలాగే ఉంది, దాన్ని వెనక్కి తీసుకోను. కానీ కప్పుని డబ్బాలో వేసి, కుళాయి వైపు చూడకుండా బండి దగ్గరకి నడిచి వచ్చేటప్పుడు, పట్టుకోవలసిన మూతా, కడగవలసిన గ్లాసూ లేక మామ్మ రెండు చేతులూ ఖాళీ అయినట్టు ప్రతిసారీ నాకు హాయిగా ఉంటుంది.