బొటనవేళ్ళ మామయ్య

మా మేనమామకు మనుషుల మొహాలు గుర్తుండవు, బొటనవేళ్ళు గుర్తుంటాయి. ఎదురైన మనిషిని ఎవరైనా పైనుంచి కిందికి చూస్తారు. ఆయన కింద మొదలుపెట్టి అక్కడే ఉండిపోతాడు. మనం పెట్టిన నమస్కారం ఆయన తల మీదుగా ఎగిరిపోతుంది. ఆయన చూపు అప్పటికే మన చెప్పుల్లోకి దిగి ఉంటుంది.

ఆయన డాక్టరు. మిగతా డాక్టర్ల జేబులో కలం ఉంటే ఈయన జేబులో శృతిదండం ఉంటుంది. రెండు కొమ్మలున్న చిన్న ఉక్కు కడ్డీ అది. దాన్ని అరచేతి అంచుకు కొట్టి మోగించి, దాని పిడి తీసుకెళ్ళి మన కాలి బొటనవేలి ఎముక మీద ఆనిస్తాడు. తుమ్మెద ఒకటి ఎముకలోకి దూరి గొంతు సవరించుకున్నట్టుంటుంది. "మోగుతోందా?" అంటాడు. మోగుతోందంటాం. "ఆగినప్పుడు చెప్పు" అని కళ్ళు మూసుకుంటాడు. దూరమైపోతున్న రైలు చప్పుడు వింటున్నవాడిలా ఆ మొహం ఎంత ప్రశాంతంగా ఉంటుందంటే, కాలు వెనక్కి లాక్కోవాలన్న సంగతి మనమే మరిచిపోతాం.

నన్ను చేసుకోబోయే ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నేను సగం చచ్చాను. అబ్బాయి ఏం చదివాడు, ఏం చేస్తాడు అని అడగాల్సిన మేనమామ, చిన్న పీట తెచ్చుకుని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మేజోడు విప్పమన్నాడు. కాఫీ గ్లాసులతో వచ్చిన మా అమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"అన్నయ్యా, ముందు కాఫీ తాగనివ్వు."

"తాగమను. నోటితో కదా తాగేది, కాలు ఖాళీగానే ఉంది."

పాపం, ఆయన ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో మేజోడు పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి మామయ్య లేచి, కాళ్ళు బంగారమని, చేసుకోవచ్చని తీర్పు చెప్పాడు. చీలమండ పైన ఉన్న మనిషి గురించి ఆయనకు ఏ అభిప్రాయమూ లేదు.

ఆ రోజు తమ్ముడి వెంట వచ్చిన అక్క, అంటే ఇప్పటి మా వదిన, అంతా చూసి, "పిల్లనిస్తున్నారా, చెప్పులు కుడుతున్నారా?" అంది. వదిన బడిపిల్లల వ్యాను నడుపుతుంది. వ్యానుకు హారన్ ఉంది కానీ వాడదు. కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క మాటంటే ఎదుటి లారీ పక్కకు తప్పుకుంటుంది. అందుకే ఊరంతా ఆమెను హారన్ వదిన అంటారు.

మామయ్య పిచ్చికి మూలం ఉంది. ఆయన హెచ్‌ఐవి ఉన్నవాళ్ళకు వైద్యం చేస్తాడు. ఇప్పుడు ఆ జబ్బు రోజూ వేసుకునే మాత్రలతో మాట వింటుంది. అయితే కొందరికి ఆ వైరస్ వల్లో, పాతకాలపు మాత్రల వల్లో పాదాల్లో నరాలు మెల్లగా మొద్దుబారతాయి. మొట్టమొదట తగ్గేది ఈ మోత తెలియడమే. తొందరగా పసిగడితే మాత్ర మార్చి కాళ్ళు కాపాడొచ్చు. ఎంత తొందరగా పసిగట్టొచ్చో తేల్చడమే మామయ్య పరిశోధన. అందుకు ఆ జబ్బు లేనివాళ్ళ పాదాలు కూడా చూడాలి. ఆసుపత్రిలో వాళ్ళను 'పోలిక మనుషులు' అంటారు. సరిపడా పోలిక మనుషులు మొదటి నెలలోనే దొరికారు. కడుపు నిండాక ఎవరైనా విస్తరి ముందు నుంచి లేస్తారు. మామయ్య లేవలేదు.

ఒకసారి ఆసుపత్రి వరండాలో బల్బు మారుస్తున్న మనిషి నిచ్చెన మీదున్నాడు. నిచ్చెనెక్కిన మనిషి కాలు కంటి ఎత్తున దొరికితే మామయ్య వదులుతాడా? పైన చేతుల్లో బల్బు, కింద వేలి మీద ఉక్కు. "ఆగిందా?" అని మామయ్య అడిగితే, "నా గుండె ఆగింది సార్" అని పైనుంచి జవాబు. ఇంకోసారి ఆసుపత్రి వార్షికోత్సవానికి పెద్ద బట్టల కొట్టు యజమానిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన సేవాభావం గురించి మంచి ఊపులో మాట్లాడుతూ ఉన్నట్టుండి "అయ్యో" అన్నాడు. సభంతా నిర్ఘాంతపోయింది. వేదిక మీద మామయ్య కుర్చీ ఖాళీగా ఉంది. బల్లకు కప్పిన గుడ్డ కిందినుంచి ఆయన గొంతు వచ్చింది, "మీరు కానివ్వండి, ఆగినప్పుడు చెప్పండి" అని.

నేను అదే ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టును. నా గది మామయ్య గది పక్కనే. మధ్య వరండాలో వరుసగా కుర్చీలు. పొద్దున కిటికీలోంచి వెలుతురు పలకల్లా పడి ఆ కుర్చీల ముందున్న పాదాలను మాత్రమే చూపించేది. పగిలిన మడమలు, గోళ్ళ రంగులు, మేజోడు గుర్తులు. బ్యాంకు గుమాస్తా, బట్టల కొట్టాయన, బల్బు మనిషి, రోగులను చూడ్డానికి వచ్చి మామయ్యకు దొరికిపోయిన చుట్టాలు, వాళ్ళ మధ్య ఎవరో నేనెరగని వాళ్ళు, అందరూ చెప్పులు విప్పి మామయ్యను తిట్టుకుంటూ కూర్చునేవారు. ఆయన ఒక్కసారితో వదిలేవాడు కాదు. మూణ్ణెల్లకోసారి మళ్ళీ రమ్మనేవాడు. రాకపోతే ఇంటికి వెళ్ళేవాడు. ఇంటికొచ్చి ఇంటిల్లిపాది కాళ్ళూ పట్టుకునేకంటే మనమే వెళ్ళడం నయమని జనం వచ్చేవారు.

అందరిలోకీ ఎక్కువ తిట్టేది హారన్ వదినే. వచ్చినప్పుడల్లా ముందు నా గదిలోకి వచ్చి, తలుపు బార్లా తెరిచి ఉంచి, వరండా మొత్తానికి వినబడేలా అందుకునేది. మీ మామయ్యకు పనీపాటా లేదా, వ్యాను పక్కనపెట్టి రమ్మంటాడు, నా కాళ్ళలో ఏం నిధి దొరుకుతుందని తవ్వుతున్నాడు. వరండాలో అందరూ నవ్వేవారు. నేను క్షమించమని బతిమాలేదాన్ని. అంతలో మామయ్య తలుపులోంచి తొంగిచూసి, "దొరికావా వ్యానమ్మా" అని లోపలికి లాక్కుపోయేవాడు.

అలా ఉండగా ఆసుపత్రికి కొత్త మేనేజరు వచ్చాడు. గీత గీసినట్టుండే మనిషి. అగ్గిపెట్టెలో పుల్లలు కూడా తలలన్నీ ఒకవైపే ఉండాలనే రకం. మొదటి రోజే లిఫ్టులో మామయ్య ఆయన బూటు లేసు విప్పాడు. లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి మేనేజరు ఒంటికాలి మీద, మామయ్య మోకాళ్ళ మీద ఉన్నారు. బయట నిలబడ్డ నర్సులు లిఫ్టు ఎక్కకుండా మెట్ల వైపు నడిచారు.

మేనేజరు పాత కాగితాలన్నీ తిరగేసి, పోలిక మనుషులు ఎప్పుడో సరిపోయారని కనిపెట్టాడు. మరి ఊరంతా ఇక్కడెందుకు కూర్చుంటోంది? ఇకమీదట బయటివాళ్ళు ఎవరూ రాకూడదని, అసలు రోగులకు మాత్రం వరండా చివర విడిగా పసుపు కుర్చీలు వేయిస్తానని, వాళ్ళకు ఏ ఇబ్బందీ లేకుండా గుర్తుపట్టడం తేలికవుతుందని ప్రకటించాడు. పాపం, మంచికే అనుకున్నాడు. పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీని పిలిపించాడు. మామయ్య మీద కోపమున్న వాళ్ళంతా వచ్చి చెప్పుకోవచ్చన్నాడు. కమిటీ అవునంటే కుర్చీలు వస్తాయి, మామయ్య కాదంటే గది పోతుంది. ఫిర్యాదు చేసేవాళ్ళలో మొదటి పేరు ఎవరిదో చెప్పక్కర్లేదు.

విచారణకు ముందు రోజు వదిన నా గదికి వచ్చింది. వచ్చి తలుపు మూసింది. ఆమె తలుపు మూయడం నేను చూడటం అదే మొదలు.

"రేపు మీ మామయ్య మీద చెప్పమని పిలిచారు" అంది. ఆ గొంతు అంత చిన్నది కాగలదని నాకు తెలియదు.

చెప్పు వదినా, ఇన్నేళ్ళూ నాకు చెప్పేది రేపు వాళ్ళకు చెప్పు, ఆయనకూ బుద్ధొస్తుంది అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆ పసుపు కుర్చీలో కూర్చోవాల్సింది నేనే" అంది.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చేతిలో ఉన్న తువ్వాలు మడత పెట్టాను. మళ్ళీ విప్పాను. మళ్ళీ మడత పెట్టాను. రోజూ చూసే మనిషి. రోజూ వినే గొంతు. నా కళ్ళ ముందే ఆ వరుసలో కూర్చుని లేచిన మనిషి. గోడ ఒకటి మాట్లాడినా నేను అంత అదిరిపడేదాన్ని కాదేమో.

"మీ తమ్ముడికి తెలుసా?"

"తెలియదు. నువ్వు చెప్పవు."

అది అడగడం కాదు, ఆజ్ఞ. ఎలా వచ్చిందని నేను అడగలేదు. మాత్రలు వేసుకుంటోందట, ఒంట్లో బాగానే ఉందట. మధ్యలో అరికాళ్ళు మండుతుంటే మామయ్య గది గుర్తొచ్చిందట. ఈ గది దేనికో ఊరంతటికీ తెలుసు. గుమ్మం దాకా వచ్చి, ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి తిరుగుదామనుకుందట.

"వరుస చూశాను. అంతమంది చెప్పులు విప్పుకుని ఉంటే నా చెప్పులు ఎవరికి పట్టాయి? వెళ్ళి కూర్చున్నా. పక్కాయన 'మీరూ దొరికారా' అన్నాడు. దొరికానన్నాను. మీ మామయ్య అప్పుడే మాత్ర మార్పించాడు. ఇప్పుడు బ్రేకు మీద కాలు పెడితే బ్రేకులా తెలుస్తోంది."

"మరి ఆ తిట్లు?"

"తిట్టకపోతే మిగతావాళ్ళలా ఎలా ఉంటాను? మీ మామయ్యే చెప్పాడు, బాగా తిట్టమని."

కుర్చీలు వస్తే ఇక రానంది. ఆ కుర్చీలో ఒక్కసారి కనబడితే చాలు, మర్నాడు వ్యానులో స్టీరింగూ తనూ మిగులుతామంది. రాకపోతే మళ్ళీ కాళ్ళు మొద్దుబారినా తెలియదు. మొద్దుకాళ్ళతో పిల్లల్ని ఎక్కించుకోను, అప్పుడైనా వ్యాను ఆపేయాల్సిందేనంది. "రోగం నన్నేం చేయలేదమ్మాయ్. ఆ కుర్చీ చేస్తుంది."

సాయంత్రం మామయ్య దగ్గరికి వెళ్ళాను. నాకు తెలిసిందని చెప్పకూడదు, అడగకుండా ఉండలేను. పోలిక మనుషులు సరిపోయి ఇన్నేళ్ళయినా ఎందుకు మామయ్యా ఇంకా అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. నా మొహాన్ని ఆయన అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"నాకు కాళ్ళంటే ఇష్టం" అన్నాడు.

"రేపు కమిటీకి అసలు కారణం చెప్పొచ్చుగా?"

"ఫిర్యాదుదారులంతా హాల్లోనే కూర్చుంటారు. ఏదో కారణం ఉందని తెలిస్తే చాలు, ఒకరి మొహాలొకరు చూసుకోవడం మొదలెడతారు. పిచ్చాడినైతే ఆ బాధ లేదు. ఏదీ, నీ కాలు ఇటు పెట్టు."

మర్నాడు హాలు నిండింది. కమిటీ పెద్ద ఒక ముసలావిడ, జడ్జిగా చేసి రిటైరయ్యారు. మేనేజరు అన్నీ చదివాడు. బల్బు సంగతి, బల్ల కింది సంగతి, లిఫ్టు సంగతి. ఎందుకు చేశారని మామయ్యను అడిగితే, పోలిక చాలలేదండీ అని మొండిగా కూర్చున్నాడు. అందరూ నవ్వారు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

హారన్ వదిన లేచింది. గొంతు మళ్ళీ పాత గొంతే.

"నాకు ఫిర్యాదు ఉందండీ. ఈయన నన్ను పట్టుకున్నాడు. సరే, ఖర్మ. పట్టుకున్నవాడు మధ్యలో వదిలేస్తే ఎలా? మా ఆయన బతికున్నన్నాళ్ళూ నా మొహమే సరిగ్గా చూడలేదు, కాళ్ళు దేవుడెరుగు. ఊళ్ళో ఇన్నాళ్ళకు ఒక పిచ్చి మనిషి, ఏమ్మా, కాళ్ళెలా ఉన్నాయని అడుగుతున్నాడు. ఇప్పుడు ఆ గది ఎవరో కొందరికేనట, మేం రాకూడదట. మా కాళ్ళేం పాపం చేశాయండీ?"

మేనేజరు నోరు తెరిచాడు. అంతలో బట్టల కొట్టాయన లేచి, తిట్టడానికే వచ్చిన మాట నిజమే కానీ, ఎడమకాలు పోయినసారి కంటే మెరుగని డాక్టరు గారు అన్నారని, వచ్చే వారం తన వంతు ఉందని, అదెలా కుదురుతుందని నిలదీశాడు. బ్యాంకు గుమాస్తాకూ వంతు ఉంది. బల్బు మనిషి, తనకు ఏం జబ్బూ లేదని ఎవరైనా చెప్పేది ఆ ఒక్క గదిలోనేనన్నాడు. తిట్టడానికి వచ్చిన హాలు హాలంతా తన కాళ్ళ కోసం కొట్లాటకు దిగింది. మేనేజరు తన కాగితాల అంచులు సరిచేసుకుంటున్నాడు.

జడ్జి గారు మాత్రం మామయ్య వైపు చాలాసేపు చూశారు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"డాక్టరు గారూ, మీకు పోలిక ఇంకా ఎంతమంది కావాలి?"

"ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారండీ?"

ఆవిడకు అర్థమైంది. అర్థమైనట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. ఇకమీదట ముందు అడిగి, సరేనన్నాకే కాలు పట్టుకోవాలని, లిఫ్టులో అసలు పట్టుకోకూడదని గట్టిగా మందలించారు. కుర్చీలు మేనేజరు ఇష్టమొచ్చిన రంగువి వేయించుకోవచ్చని, కానీ వరండా అంతా ఒకే రంగువి ఉండాలని తేల్చారు. మామయ్య వినయంగా తలొంచుకున్నాడు. వంచిన తలతో ఆవిడ పాదాలనే చూస్తున్నాడు.

పసుపు కుర్చీలు వచ్చాయి, ఈ చివర నుంచి ఆ చివర దాకా. మొదటి రోజు వాటిలో మేనేజరు, హారన్ వదిన పక్కపక్కన కూర్చున్నారు. మామయ్య పద్ధతి ప్రకారం అడిగాడట, మేనేజరు కాదనలేకపోయాడట. బూట్లు రెండూ ఒక గీత మీద పెట్టుకుని, అసలు ఈ ఆసుపత్రిలో అడిగేవాడు లేడండీ అని ఆయన వాపోతుంటే, ఏం చేస్తాం బాబూ, పిచ్చి మనిషితో పెట్టుకోలేం అని వదిన ఓదారుస్తోంది.

అటుగా వెళ్తున్న కొత్త నర్సు నా గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, వాళ్ళిద్దరికీ ఏమైంది మేడం అని అడిగింది.

"ఏమీ కాలేదు. మా మామయ్య కంటబడ్డారు" అన్నాను.